స్టేషన్ రోడ్డులో నలభై ఆకులు

అక్టోబర్ 12, ఆదివారం

వచ్చే నెల 16కు అమ్మానాయనల పెండ్లయి యాభై ఏండ్లు. 1975లో ఆ తేదీ ఆదివారం, ఈసారీ ఆదివారమే. రెండు సంవత్సరాల క్యాలెండర్లూ తేదీకి తేదీ కలుస్తాయని తమ్ముడు బెంగళూరు నుంచి పనిగట్టుకుని ఫోన్ చేశాడు. "ఇంత కలిసొచ్చినాక చేయకుంటే ఎట్లక్కా?" అని. కలిసొచ్చింది వాడికి, తిరగాల్సింది నేను.

పేర్లు రాసుకుంటే నలభై దగ్గర తేలాయి. పెద్దక్కావాళ్లు గుంటూరు నుంచి, మేనమామలు గిద్దలూరు నుంచి, చిన్నాయనావాళ్లు డోన్ నుంచి. ఆళ్లగడ్డలో ఇంటిముందరే షామియానా వేస్తే పోతుంది కదా అని మా ఆయన. ఆళ్లగడ్డకు రైలేదీ? నంద్యాలలో దిగి, ఆటోలో బస్టాండుకు పోయి, అక్కడినుంచి నలభై కిలోమీటర్లు శిరివెళ్ల మీదుగా బస్సులో వచ్చి, తిని, సాయంత్రానికి మళ్లీ అంతదూరం వెనక్కి. అక్కావాళ్ల మామగారు చక్రాల కుర్చీలో ఉన్న మనిషి. ఆయన రావాలంటే నంద్యాల స్టేషన్‌కు ఆనుకునే ఏదో ఒకటి చూడాలి.

అక్టోబర్ 14, మంగళవారం

అమ్మను అడిగితే ఆమే అనేసింది, "స్టేషన్ కాడ పెట్టండి" అని. నేనింకా ఏమీ చెప్పకముందే.

అమ్మ పుట్టిల్లు గిద్దలూరు. ఆమె పుట్టినప్పుడు అది కర్నూలు జిల్లా. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు అటు పోయింది. ఆ కాలంలో మా దిక్కు పెండ్లి మగపెండ్లివాళ్ల ఇంటి దగ్గరే చేసేవాళ్లు. పెండ్లికూతురుతో సహా అందరూ మీటర్ గేజీ బండెక్కారు. దిగువమెట్ట, చలమ, గాజులపల్లె. నల్లమల్లో బొగద సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లకాయలు కేకలు పెట్టడం మేమూ చేశాం, వాళ్లూ చేశారట. నంద్యాలలో దిగితే ఆళ్లగడ్డ నుంచి రావాల్సిన బస్సు రాలేదు. ప్లాట్‌ఫారం మీద దుప్పటి పరిచి అవ్వ గంప విప్పింది. చిత్రాన్నం, మిరపకాయ బజ్జీలు. పెండ్లికూతురు నలుగురిలో తినగూడదని అమ్మకు మాత్రం పెట్టలేదు.

"అందరూ నా ముందరే తిన్యారు. నాకు ఆకలి ఎంతనుకున్యావు! అట్లనే కూచోబెట్రి."

యాభై ఏండ్ల తర్వాత కూడా ఆమెకు గుర్తున్నది తాళి కాదు, ఆ గంప.

అక్టోబర్ 18, శనివారం

బడి వదిలాక నంద్యాల పోయాను. స్టేషన్ బయటినుంచి మొదలుపెట్టి శ్రీనివాస సెంటర్ దాకా ఒక పక్క, మళ్లీ వెనక్కి రెండో పక్క.

టిఫిన్ హోటళ్లకు కొదవలేదు. ఉగ్గాని-బజ్జి, ఎర్రకారం దోశ, పొంగణాలు. రుచికి వంక పెట్టలేం. కానీ అక్కడ కూచునే పద్ధతి వేరు. తినేవాడి కుర్చీ వెనక ఇంకొకడు నిలబడి ఉంటాడు. ఒక చేయి కుర్చీ వీపు మీద, చూపు వాడి ఆకు మీద. పెరుగన్నం దాకా వచ్చాడా లేదా అని. అట్లాంటిచోట మా నాయనకు శాలువా ఎవరు కప్పుతారు?

ఇంకో రకం, గాజు తలుపుల ఫ్యామిలీ రెస్టారెంట్లు. ఒకదాంట్లో హాలు బాగుంది, పైన రెండో అంతస్తులో. లిఫ్టు ఉందా అంటే ఉందన్నారు, పనిచేస్తుందా అంటే మేనేజర్‌ను అడగాలన్నారు. ఇంకోచోట 'ఫ్యామిలీ సెక్షన్' అని బోర్డు చూసి లోపలికి పోతే బారుకూ దానికీ మధ్య ఒక పరదా. పరదా ఇవతల మనం కుటుంబం, అవతల వాళ్లు కాదన్నమాట.

ఫంక్షన్ హాళ్లయితే నలభై మంది అనగానే నవ్వుతారు. "మూడొందలకు తక్కువ తీసుకోము మేడం." నలుగురైతే హోటలు, నాలుగొందలైతే హాలు. మధ్యలో ఉన్న కుటుంబం ఎక్కడ తినాలో ఎవరికీ పట్టలేదు.

నీలం సంజీవరెడ్డి 1977లో ఇక్కడినుంచి లోక్‌సభకు గెలిచి, ఆ ఏడే రాష్ట్రపతి అయ్యారు. పి.వి. నరసింహారావు ప్రధాని కుర్చీలో కూచున్నాక 1991 ఉపఎన్నికలో ఐదు లక్షలు దాటిన మెజారిటీతో ఇక్కడే నెగ్గారు. అంతటివాళ్లను ఢిల్లీకి పంపిన ఊళ్లో నలభై మందికి ఒక గది లేదు.

అక్టోబర్ 20, దీపావళి

పిల్లలు, టపాకాయలు. పని సాగలేదు. పెద్దబావ ఫోన్లో ఒక సలహా పారేశాడు. "ఆ తిరుగుడంతా ఎందుకు, అందరం సికింద్రాబాదు పోదాం. స్టేషన్ ఎదురుగానే ఆల్ఫా. కాస్త ముందుకుపోతే ప్యారడైజ్."

బావ మాట కొట్టిపారేయలేం. ప్యారడైజ్ 1953లో సినిమా హాలు పక్కన క్యాంటీనుగా మొదలైంది. ఇప్పుడు ఆ కూడలికే దాని పేరు. ఆల్ఫాలో చాయ్ తాగకుండా రైలెక్కితే ప్రయాణం మొదలైనట్టు కాదనేవాళ్లు మా చుట్టాల్లోనే ఉన్నారు. పాత రైలు పెట్టెనే హోటల్‌గా మార్చి కాచిగూడ స్టేషన్ దగ్గర పెట్టారు కూడా. అంతెందుకు, పారిస్‌లో గార్ ద లియోఁ స్టేషన్ లోపల 1901 నాటి రెస్టారెంటు ఉంది, లె త్రాఁ బ్ల్యూ అని. కప్పునిండా చిత్రాలు, బంగారుపూత. జనం పండగలు చేసుకోవడానికే అక్కడికి పోతారు.

మరి నంద్యాల స్టేషన్ దగ్గర అలాంటిది ఎందుకు పుట్టలేదు? నాకు తోచింది ఇది. పెద్ద జంక్షన్లలో జనం బండి మారడానికి గంటలకొద్దీ ఆగిపోతారు. ఆగిన మనిషికి ఆకలేస్తుంది, హోటలు పెరుగుతుంది. నంద్యాల 2016లో ఎర్రగుంట్ల లైను తెరిచాక గానీ జంక్షన్ కాలేదు. ఇప్పటికీ ఇక్కడ దిగినవాళ్లలో సగం మంది మహానందికో అహోబిలానికో పోయేవాళ్లే. మెట్లు దిగేలోపే ఆటోవాడు సంచి లాక్కుంటాడు. ఇక తినడానికి ఎవరు మిగులుతారు?

ఆ ఎర్రగుంట్ల లైను కూడా బనగానపల్లె, కోవెలకుంట్ల, జమ్మలమడుగు మీదుగా పోయింది. హైవే మాకు, రైలు వాళ్లకు. ఇది ఆళ్లగడ్డవాళ్ల పాత కడుపుమంట. డైరీలో కాకపోతే ఎక్కడ రాసుకుంటాను.

అక్టోబర్ 22, బుధవారం

కార్తీకం వచ్చింది. దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. 16 కూడా కార్తీకంలోనే. మా ఇంట్లో నెలంతా నీచు ముట్టరు. గుంటూరువాళ్లు సోమవారాలు మాత్రమే పాటిస్తారు. తమ్ముడి పిల్లలకు బిర్యానీ లేనిదే పార్టీ కాదు. మేనత్త అయితే ఇంకో మెట్టు పైన. ఉల్లి, వెల్లుల్లి కూడా వద్దు. "నీచు వండిన పొయ్యి మీద నీళ్లు కాంచినా నేను తాగను" అని ముందే చెప్పేసింది.

దీంతో గాజు తలుపులవన్నీ ఒక్క దెబ్బకు ఎగిరిపోయాయి. వెతుకులాట కొంత తేలికైంది, అది వేరే సంగతి.

అక్టోబర్ 24, శుక్రవారం

పొద్దున లేవగానే టీవీ. కర్నూలు దగ్గర చిన్నటేకూరులో హైదరాబాదు నుంచి బెంగళూరు పోతున్న ప్రైవేటు బస్సు రాత్రి తగలబడింది. నిద్రలో ఉన్నవాళ్లు ఉన్నట్టే. చూడలేక కట్టేశాను.

మధ్యాహ్నం తమ్ముడు. "స్లీపర్ బస్సు టికెట్లు రద్దు చేసినానక్కా. ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌కు చేస్తాండా." వాడి గొంతులో ఎప్పుడూ ఉండే హుషారు లేదు. ఇప్పుడిక అందరూ రైలే.

అక్టోబర్ 27, సోమవారం

కార్తీక సోమవారం స్టేషన్ చూద్దామని పనిగట్టుకుని పోయాను. ముసురు. బండి ఆగీ ఆగకముందే "మహానంది, మహానంది" అని అరుపులు. తడిసిన సంచులు, కొబ్బరికాయల బుట్టలు, తలకు తువ్వాలు చుట్టుకున్న ముసలమ్మలు. అమృత్ భారత్ కింద స్టేషన్‌ను కొత్తగా చేస్తున్నారు. ఆ పనుల పక్కనుంచి జనం వంకరటింకరగా బయటికొస్తున్నారు. చక్రాల కుర్చీ ఏ దారిన తేవాలో చూసుకున్నాను. ఒక పోర్టరన్న, "ముందురోజు ఫోన్ చేయమ్మా, నేనుంటా" అన్నాడు. ఇప్పటిదాకా దొరికిన గట్టి హామీ ఇదొక్కటే.

అక్టోబర్ 29, బుధవారం

మొంథా తుపాను రాత్రి కోస్తాలో తీరం దాటింది. చాలా బండ్లు రద్దు. ఇక్కడా ఎడతెగని వాన. 16న ఇట్లాంటిది వస్తేనో అని అక్క. వస్తే ఇంట్లో ఉగ్గాని చేసుకుని తింటామని చెప్పాను.

నవంబర్ 2, ఆదివారం

దొరికింది.

స్టేషన్ రోడ్డులోనే. కింద శాకాహార హోటలు, పైన లాడ్జి. చాలాసార్లు దాని ముందునుంచే పోయాను. వెనకవైపు ఒక పొడుగాటి గది ఉందని బయటినుంచి తెలియదు. ఒకప్పుడు బియ్యం మూటలు పెట్టుకునేవాళ్లట. నేలమట్టానికే ఉంది, గడప కూడా లేదు. కిటికీలోంచి గూడ్సు బండి శబ్దం వినిపిస్తుంది. ఏసీ లేదు, నాలుగు ఫ్యాన్లు. నవంబర్‌లో ఏసీ ఎందుకు?

యజమానికి అరవై దాటి ఉంటాయి. గల్లాపెట్టె దగ్గర కూచుని బిల్లులు గుచ్చుతూనే మాట్లాడాడు.

"నలభై ఆకులా? పదకొండున్నరకు టిఫిన్ జనం పల్చబడతారు. అప్పుడు గది మీది. రెండు దాటితే మాత్రం నా చేతిలో ల్యాదమ్మా, బండి దిగినోళ్లు వచ్చి మీద పడతారు."

"మా భక్ష్యాలు మేము తెచ్చుకుంటాం అన్నా."

ఇక్కడే చాలాచోట్ల బేరం తెగిపోయింది. బయటి తిండి రానియ్యం అని. ఈయన పుల్లకు బిల్లు గుచ్చి తలెత్తాడు.

"తెచ్చుకోండి. భక్ష్యాలు హోటల్లో ఎట్లుంటాయో నాకు తెలీదా? నాకూ రెండు పంపండి."

ఆకుకు 220. పైన 5 శాతం జీఎస్టీ. వేకువనే దిగే గుంటూరువాళ్లు స్నానాలు చేసి నడుం వాల్చడానికి పైన రెండు గదులు. అడ్వాన్సు కాగితం మీద రాసిచ్చాడు. మేనత్త కోసం ఉల్లి, వెల్లుల్లి లేని కూర ఒకటి వేరే గిన్నెలో.

తమ్ముడికి ఫోటోలు పంపితే "ఇదేందక్కా, గోడౌన్ మాదిరుంది" అన్నాడు. గోడౌనే.

నవంబర్ 5, కార్తీక పున్నమి

కానుక ఏమివ్వాలని చర్చ. ఆళ్లగడ్డలో ఉండి ఆ ప్రశ్న వేయడమే తప్పు. హైవే పక్కన వరసగా శిల్పుల పందిళ్లు. భౌగోళిక గుర్తింపు వచ్చిన పని. సగం మొహం తేలిన ఆంజనేయుళ్లు, ముక్కు ఇంకా రాని నందులు దుమ్ములో నిలబడి ఉంటాయి. మాకు తెలిసిన ఆచారి దగ్గర కూచున్నాం. చిన్న ఉలితో నంది మెడలో గంటల పట్టెడ తీస్తున్నాడు. ఒక దెబ్బ, ఊదడం, బొటనవేలితో తుడవడం, మళ్లీ దెబ్బ. వేలిగోరు అంచునిండా తెల్లటి రాతిపొడి.

అక్క తులసికోట చేయిద్దామంది. "ఎంత బరువుంటుంది సామీ?" అంటే నలుగురు మోయాలన్నాడు. తులసికోటను నంద్యాలకు తీసుకుపోయి, ఇచ్చి, మళ్లీ ఆళ్లగడ్డకే తెచ్చుకోవాలా? జానెడు నంది చాలన్నాను.

నవంబర్ 9, ఆదివారం

మెనూ ఖాయం. సోనామసూరి అన్నం, పప్పు, గుత్తివంకాయ, ఉర్లగడ్డ వేపుడు, అలసంద వడలు, చెనిక్కాయల పొడి, పచ్చిపులుసు, గడ్డపెరుగు. అమ్మ కోసం చిత్రాన్నం, మిరపకాయ బజ్జి. బియ్యం మన కె.సి. కెనాల్ కింద పండినవే వండుతున్నానని హోటలాయన ఫోన్ చేసి మరీ చెప్పాడు. మేనమామకు నాటుకోడి లేకపోవడం బాధ. సంగటి-పులుసు కార్తీకం పోయినాక గిద్దలూరులో పెడతానన్నాడు. బాకీ రాసుకున్నాను.

నవంబర్ 15, శనివారం

పొద్దున్నుంచి ఇంట్లో భక్ష్యాలు. పక్క వీధి నుంచి ఇద్దరు పెద్దమ్మలు వచ్చారు. శనగపప్పు మరీ మెత్తగా ఉడకగూడదు, బెల్లం పాకం చేతికి సాగాలి. మైదా ముద్దను నూనెలో నానబెట్టి, అరటాకు మీద పూర్ణం పెట్టి మూసి, వేళ్ల కొసలతో అదుముతూ పోతే అవతలివైపు ఆకు ఈనె కనిపించేంత పల్చన. పెనం మీద వేశాక ఒక్కసారే తిప్పాలి, రెండోసారి తిప్పిందాన్ని వాళ్లు మనుషులకు పెట్టరు. అట్లాంటివన్నీ మా పిల్లలు తిన్నారు.

రాత్రి తమ్ముడు నంద్యాలలో దిగి లాడ్జి నుంచి ఫోన్. "గది బాగుందక్కా. కిటికీలోంచి పట్టాలు కనబడుతున్నాయి. పిల్లలు నిద్రపోవడం ల్యా, బండ్లు లెక్కపెడుతున్నారు."

నవంబర్ 16, ఆదివారం (రాత్రి)

గుంటూరువాళ్లు వేకువనే దిగారు. పోర్టరన్న చెప్పినట్టే ఉన్నాడు, చక్రాల కుర్చీ హోటల్ గదిలోకి నేరుగా పోయింది. గిద్దలూరువాళ్లు తొమ్మిదికల్లా వచ్చి ఉగ్గాని తినేశారు. అందరికంటే ఆలస్యంగా వచ్చింది ఆళ్లగడ్డవాళ్లం. మేనత్త కాసులపేరు బీరువాలో దొరకలేదు. అదిగో ఇదిగో అని గంట.

పన్నెండుకు ఆకులు వేశారు. బల్లలు కలిపి రెండు వరసలు. వెనక ఎవరూ నిలబడలేదు. శాలువాలు, దండలు, నంది అయ్యాక నాయనను మాట్లాడమన్నారు. "వడ్డించండప్పా, చల్లారతాండాయి" అన్నాడు. అదే ఉపన్యాసం.

అమ్మ మొదట చిత్రాన్నమే పెట్టించుకుంది. రెండోసారి అడిగింది. మూడోసారి అడిగితే అక్క షుగర్ అని గుర్తుచేసింది. "నీకేం తెల్సు, నువ్వు అప్పటికి పుట్టలే" అని వడ్డించేవాడికి ఆకు చూపింది.

తమ్ముడి పిల్లలు బిర్యానీ ఊసెత్తలేదు. భక్ష్యాల మీద నెయ్యి ఎంత వేసుకోవచ్చో పందెం పెట్టుకున్నారు. హోటలాయనకు రెండు కాదు, ఆరు ఇచ్చాం. ఆయన నిలబడే ఒకటి తిని, "ఏలకులు తక్కువైనాయి" అన్నాడు. నిజమే.

రెండుకు పది నిమిషాలుండగా బయట జనం కనిపించారు. లేచాం. ఆ బల్లలను వాళ్లు విడదీసిన వేగం చూస్తే, అంతసేపు గది మాకు ఇవ్వడం వాళ్లకు ఎంత ఇబ్బందో తెలిసింది.

నవంబర్ 17, సోమవారం

బిల్లు అనుకున్నదే వచ్చింది. మీద ఒక్క రూపాయి లేదు.

నంద్యాల స్టేషన్ చుట్టుపక్కల హోటళ్లు నడిపేవాళ్లకూ, కొత్తగా పెట్టబోయేవాళ్లకూ ఒక మనవి. జిల్లా కేంద్రమై మూడేండ్లు దాటింది, స్టేషన్ కొత్తదవుతోంది. మూడొందల మంది హాళ్లు చాలినన్ని ఉన్నాయి. ముప్పై, నలభై మంది పట్టే ఒక గది కట్టండి. అది కిందనే ఉండాలి, మెట్లు వద్దు. కార్తీకానికి, శ్రావణానికి వేరే పొయ్యి పెట్టండి. ఇంటినుంచి తెచ్చుకున్న భక్ష్యాల డబ్బాను గుమ్మంలో ఆపకండి. గంటల లెక్కన అద్దె తీసుకోండి, ఇస్తాం. వచ్చే ఏడు మా చిన్నాయనావాళ్లది నలభయ్యో పెండ్లిరోజు, డోన్ నుంచి ఇప్పుడే అడుగుతున్నారు.